నావాట్ల్ భాషలో నిప్పు, తుపాకి: ఈ పదాలు ఎలా ఏర్పడ్డాయి?

ప్రశ్న (కావలి నుంచి)
ఆజ్టెక్కుల భాష అయిన నావాట్ల్‌లో నిప్పును 'త్లెత్ల్' అంటారని చదివాను. 1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ సేనతో మెక్సికోలో దిగేదాకా తుపాకిని ఎరుగని ఆ జనం దానికి ఏ పేరు పెట్టారు? మనం 'తుపాకి'ని బయటినుంచి తెచ్చుకున్నట్టు వారూ స్పానిష్ మాటనే తీసుకున్నారా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (ఒంగోలు నుంచి)
తీసుకోలేదండి, 'త్లెకికిస్త్లి' అని సొంతంగా కట్టుకున్నారు. 'త్లెత్ల్' చివరనున్న 'త్ల్' నామవాచకం విడిగా ఉన్నప్పుడు చేరే ప్రత్యయం కనుక, సమాసంలో పూర్వపదమైనప్పుడు అది లోపించి 'త్లె' మాత్రమే మిగులుతుంది. 'కికిస్త్లి' అంటే ఊదే శంఖం. చేత పట్టే తుపాకి అని విడదీసి చెప్పవలసివస్తే, చేతిని సూచించే 'మా' ముందు చేర్చి 'మాత్లెకికిస్త్లి' అన్నారు. పొయ్యికి పేరైన 'త్లెక్విల్లి'లోనూ ఈ 'త్లె'యే ఉంది.

జవాబు (ఉదయగిరి నుంచి)
పై జవాబుకు కొంత చేర్పు. పోలిక శంఖంతోనే ఎందుకు కుదిరిందో స్పెయిన్ క్రైస్తవ సన్యాసి సహగూన్ ఆజ్టెక్కుల గురించి కూర్చిన సంకలనంలోని పన్నెండవ గ్రంథం చదివితే బోధపడుతుంది. స్పెయిన్‌వారిని చూసివచ్చిన దూతలు ఆజ్టెక్ చక్రవర్తి మోతెకుసోమాకు విన్నవించిన తీరు అందులో నావాట్ల్‌లోనే ఉంది: ముందుగా చెవులు మూసుకుపోయే ఉరుమువంటి మోత, ఆ తరువాతే లోపలినుంచి వెలువడే గుండు, చిమ్మే నిప్పులు, దుర్గంధపు పొగ. మన 'ఫిరంగి' తెచ్చినవారి జాతిపేరుతో నిలిచింది. వారి మాట ఆయుధం చేసే పనిని పట్టుకుంది.

అయితే దీన్ని తుపాకికే ప్రత్యేకమైన గొప్పగా చెప్పడం నాకు సమ్మతం కాదు. రాగికి వాడే 'తెపోస్త్లి'ని ఇనుముకూ వర్తింపజేసి, స్పెయిన్‌వారి యంత్రపు వింటిని 'తెపోస్త్లావితోల్లి', అంటే లోహపు విల్లు, అన్నారు. తొలి తరంలో నావాట్ల్ భాషీయులు స్పానిష్ సామాన్యనామాలను దాదాపుగా అరువు తెచ్చుకోలేదనీ, 1540-50 తరువాతే అవి వెల్లువగా వచ్చాయనీ చరిత్రకారుడు జేమ్స్ లాక్‌హార్ట్ నిరూపించారు.

ప్రశ్న అడిగినవారు (కావలి)
కృతజ్ఞతలు. తుపాకిలో కూరే మందుకో?

జవాబు (ఒంగోలు నుంచి)
మోలీనా కూర్చిన నావాట్ల్ నిఘంటువు (1571) 'త్లెకికిస్త్లాల్లి' అని ఇస్తుంది. 'త్లాల్లి' అంటే నేల, మన్ను. మనం మందన్నదాన్ని వారు మన్నన్నారు. నలుపు పొడిని చూస్తే వారి మాటే సూటిగా ఉందనిపిస్తుంది.