శబ్దాలు పడని బాబుకు సోషల్ ఎసెస్‌మెంట్ ఎలా చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బాబుకు 5 ఏళ్లు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుంటాడు. కనుమనాడు ప్రభల తీర్థంలో డప్పులకి వణికిపోయి నా కొంగులో ముఖం దాచేసుకున్నాడు. అదే ఇంట్లో వాళ్ల చిన్నాన్న కూతురు ఏడిస్తే వెళ్లి కళ్లు తుడుస్తాడు, తన బొమ్మ ఇచ్చేస్తాడు.

ఈమధ్య ఒక సెంటర్‌లో వైన్‌ల్యాండ్ స్కేల్ (సొంత పనుల్లో, నలుగురితో మెలగడంలో బిడ్డ ఏ వయసు స్థాయిలో ఉన్నాడో, అంటే సోషల్ ఏజ్ ఎంతో చూసేది) ప్రశ్నలు నన్ను అడిగి, కిక్కిరిసిన హాల్లో వాడిని కాసేపు చూసి, సోషల్ ఏజ్ బాగా తక్కువన్నారు. పిల్లలతో కలవాలని లేకనా, ఆ గోల తట్టుకోలేకనా అన్నది తేల్చకుండా ఆ మాట నమ్మడానికి నాకు మనసొప్పడం లేదు.

సెన్సరీ ప్రొఫైల్ (శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటివాటికి బిడ్డ ఎలా స్పందిస్తాడో చూసే ప్రశ్నావళి) కూడా చేసి, ప్రశాంతమైన చోట మళ్లీ చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనుల్లో ఇబ్బందులకు సాయపడేవాళ్లు) కాకినాడ, రాజమండ్రి వైపు ఉన్నారా? అంగన్‌వాడీ టీచరుగారి చేత వాడి సంగతులు రాయించి తీసుకెళ్తే పనికొస్తుందా? ఇలాంటి పిల్లలున్నవాళ్లు దయచేసి చెప్పండి.