తీరం వెనక్కి పోవడానికి కారణం: పెరిగే సముద్రమా, రాని ఇసుకా?

నత్తగుల్ల
తీరం కోత గురించి ఎక్కడ చదివినా సముద్ర మట్టం పెరుగుతోందన్న మాటతోనే మొదలవుతుంది. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటున పెరిగింది 20 సెంటీమీటర్లు. అంటే జానెడు. జానెడు నీటికి ఇళ్ళు, రోడ్లు, తోటలు ఎలా పోతున్నాయి? తెలిసినవాళ్ళు చెప్పండి.

పోటుమీద
నీరు నిలువునా జానెడే పెరిగింది, కానీ తీరం నిలువుగా ఉండదు కదా. నూటికి ఒకటి వాలున్న చోట ఆ జానెడు 20 మీటర్లు లోపలికొస్తుంది. అది నీరు నిండటం మాత్రమే. అసలు దెబ్బ అలలది. ఒకప్పుడు పెద్ద తుపాను వస్తే గానీ ఇసుక దిబ్బ మొదలును తాకని అల, ఇప్పుడు మామూలు పోటుకే తాకుతుంది. దిబ్బను కొరికి ఆ ఇసుకను లోపల నీళ్ళ కింద పరుస్తుంది. పెర్ బ్రూన్ అనే ఇంజనీరు 1962లోనే లెక్క చెప్పాడు: మట్టం ఎంత పెరిగితే ఇసుక తీరం దానికి సుమారు 50 నుంచి 100 రెట్లు వెనక్కి పోతుంది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఉప్పుగాలి
చాలా ఉందండీ. బ్రూన్ లెక్కలో ఒడ్డు వెంట పక్కకు పోయే ఇసుక ఊసే లేదు. అలలు ఒడ్డుకు ఏటవాలుగా వస్తాయి, ఇసుకను కూడా ఏటవాలుగానే పైకి తోస్తాయి. తిరిగి జారే నీరు మాత్రం తిన్నగా దిగుతుంది. ఇలా రంపపు పళ్ళ దారిలో ఇసుక రాత్రీ పగలూ ఒడ్డు వెంట నడుస్తూనే ఉంటుంది. పోయినంత వస్తే ఒడ్డు నిలుస్తుంది. దారిలో ఎవరైనా అడ్డం కడితే అవతలివాళ్ళకు పస్తే.

చెన్నై హార్బర్ చూడండి. అది కట్టాక దక్షిణం వైపు ఇసుక మేట వేసి మెరీనా బీచ్ అంత వెడల్పైంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోయింది. రెండు పక్కలా ఉన్నది ఒకే సముద్రం, ఒకే మట్టం. నైలు నది మీద ఆస్వాన్ హై డ్యామ్ 1970లో పూర్తయింది, ఒండ్రు డ్యామ్ వెనకే ఆగిపోయింది, డెల్టా అంచు కోత ఇంకా ముదిరింది. ఇంగ్లండ్‌లో హాల్‌శాండ్స్ అనే పల్లె ఎదుట 1890ల చివర్లో నౌకాదళ రేవు పనులకని లక్షల టన్నులు తవ్వుకుపోయారు. 1917 జనవరి తుపానుకు పల్లె కొట్టుకుపోయింది. అప్పటికి మట్టం ఎంత పెరిగిందంటారు?

నా సొంత అనుభవం కూడా చెప్తాను. మా స్థలం సముద్రం పక్కనే. మాకు ఆనుకుని రాళ్ళ గోడ కట్టారు. ఆ తర్వాత మూడు తుపాన్లకు మా వైపు కొబ్బరి చెట్లు నాలుగు వరసలు పోయాయి. గోడ వెనక స్థలం అంగుళం కదల్లేదు.

పోటుమీద
హాల్‌శాండ్స్‌లో తవ్వింది ఇసుక కాదు, గులకరాళ్ళు. రెండూ అలలకు ఒకేలా కదలవు. ఉదాహరణ ఇచ్చేముందు అది చూసుకోవాలి.

ఉప్పుగాలి
నేను తవ్వారన్నాను, ఇసుక అనలేదు. పైకి వెళ్ళి చదవండి.

పోటుమీద
శీర్షికలో ఉన్నది ఇసుకే కదా. ఇసుక గురించిన వాదనకు గులకరాళ్ళను సాక్ష్యంగా తెచ్చారు.

రాతికొండ
గులకరాళ్ళ గొడవ ఆపండి బాబూ. బంకమట్టి చరియల మాట ఒక్కరూ ఎత్తలేదు. ఇంగ్లండ్ తూర్పున హోల్డర్‌నెస్ తీరం ఏడాదికి సుమారు రెండు మీటర్లు పోతోంది, రోమన్ల కాలం నుంచీ పోతూనే ఉంది. హిమానీనదాలు వదిలేసిన మెత్తటి మట్టి అది. అల కింద తొలుస్తుంది, వాన పైన నానబెడుతుంది, చరియ విరిగి పడుతుంది. ఇసుక తీరమైతే తుపాను లాక్కెళ్ళినదాన్ని నెమ్మది అలలు కొంతైనా తిరిగి తెచ్చిపెడతాయి. విరిగిన చరియ తిరిగి అతుక్కోదు.

చిన్నచేప
స్వీడన్, ఫిన్లాండ్‌ల మధ్యనున్న బోత్నియా గల్ఫ్‌లో తీరం ముందుకే జరుగుతోంది. మంచుయుగం బరువు దిగిపోయి అక్కడి నేల ఏటా 8, 9 మిల్లీమీటర్లు లేస్తోంది. అమెరికాలోని లూసియానాలో నేలే కుంగుతోంది. మట్టం అంటే నీరొక్కటే కాదు.

పోటుమీద
మంచి మాట. ఎటు తిప్పినా మట్టం దగ్గరికే వచ్చాం.

ఉప్పుగాలి
రాలేదు. ఉపగ్రహ చిత్రాలతో 2018లో వచ్చిన అధ్యయనం ప్రకారం ప్రపంచంలోని ఇసుక తీరాల్లో 24 శాతం కోతలో ఉన్నాయి, 28 శాతం మేట వేస్తున్నాయి. మట్టమే అసలు కారణమైతే ఆ 28 శాతం సంగతేంటి?

పోటుమీద
మనుషులు ఇసుక పోసి పెంచినవి కూడా అందులో ఉంటాయి. 2011లో నెదర్లాండ్స్ ఒక్క చోటే 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్లు పోసింది. ఇకపోతే మీ కొబ్బరి చెట్లు. తుపాను ఎక్కడైనా చెట్లను తీసుకెళ్తుంది. గోడ కట్టకపోయినా పోయేవేమో.

ఉప్పుగాలి
"పోయేవేమో." ఆ మాట కోసమే చూస్తున్నాను. గోడకు తగిలిన అల వెనక్కి కొట్టి ముందున్న ఇసుకను తోడేస్తుంది. గోడ చివర వంగి పక్క స్థలాన్ని తినేస్తుంది. గోడ వెనక మట్టి సముద్రంలోకి రాదు కాబట్టి పక్కవాళ్ళ ఒడ్డుకు చేరాల్సిన ఇసుక కూడా ఆగిపోతుంది. ఇది మీకు తెలీదా? ఈ వేదికలోనే పాత చర్చలో మీరు గోడలు కట్టించిన ఇంజనీరునని రాసుకున్నారు. అందుకే మీకు మట్టం కావాలి. మట్టం పెరిగితే ఎవరి తప్పూ ఉండదు. ఇసుక ఆగిందంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

గవ్వలబుట్ట
🍿

పోటుమీద
అవును, ముప్పై ఏళ్ళు గట్లూ గోడలూ కట్టించాను. వాటి వెనక మనుషులు ఇప్పటికీ కాపురం ఉంటున్నారు. మీ చెట్లు నిలవాలని ఆ ఇళ్ళను వదిలేయమంటారా?

ఉప్పుగాలి
వదిలేయమనలేదు. కట్టేముందు మమ్మల్నెవరూ అడగలేదు. పోయాక అర్జీ పెట్టుకుంటే వచ్చి చూసి "సహజ కోత" అని రెండు ముక్కలు రాసి ఫైలు మూసేశారు. సహజం అన్నాక పరిహారం ఉండదట.

రాతికొండ
మ్యాపుల్టన్‌లోనూ అదే కథ. హోల్డర్‌నెస్‌లోనే, 1991లో ఊరిని కాపాడటానికి రెండు రాళ్ళ గ్రోయిన్లు, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి వెళ్ళే అడ్డుకట్టలు, వేశారు. ఊరు నిలిచింది, దక్షిణాన ఉన్న పొలాల వైపు కోత పెరిగింది.

నత్తగుల్ల
అంటే మీ ఇద్దరి గొడవ కారణం గురించి కాదన్నమాట. ఎవరిని నిలబెట్టాలి, ఎవరిని వదిలేయాలి, అది ఎవరు తేల్చాలి అన్నదాని గురించి.

పోటుమీద
అందరినీ నిలబెట్టలేం. అమెరికాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌ను కాపాడలేక 1999లో దాన్నే 880 మీటర్ల దాకా లోపలికి జరిపారు. ఊరిని అలా జరపగలమా?

ఉప్పుగాలి గారూ, "సహజ కోత" అన్న మాట నేనూ చాలా నివేదికల్లో రాశాను. ఫారంలో అలా రాయడానికి గడి ఉండేది. "పక్క గోడ వల్ల" అని రాయడానికి గడి ఉండేది కాదు.

ఉప్పుగాలి
గడి లేకపోతే మార్జిన్‌లో రాయాల్సింది.

చిన్నచేప
గోడకు ముందూ తర్వాతా తీసిన ఉపగ్రహ చిత్రాలు దొరికితే కోత వేగం గోడ కట్టాకే మారిందో లేదో కొంత తెలుస్తుంది. గోడకు దూరంగా ఉన్న ఒడ్డును కూడా పక్కన పెట్టి చూడాలి. అక్కడా అంతే పోయి ఉంటే గోడను తప్పుపట్టలేం.

ఉప్పుగాలి
చిత్రాలు దొరుకుతాయో లేదో గానీ పాత సర్వే కాగితం ఉంది. ఒడ్డు నుంచి గట్టు దాకా కొలత అందులో ఉంది.

పోటుమీద
ఫొటో తీసి పెట్టండి. గోడ చివర నుంచి మీ స్థలం ఎన్ని మీటర్లో కూడా రాయండి, అది లేకుండా ఏమీ చెప్పలేను. హాల్‌శాండ్స్‌వి మాత్రం గులకరాళ్ళే.