అప్‌డేట్: వారానికోసారి ఆగిపోయే బిల్లుల ప్రోగ్రాం దారికొచ్చింది

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మావయ్య కోసం రాసిన బిల్లుల ప్రోగ్రాం, జీమెయిల్‌కి పాస్‌వర్డ్ బదులు ఓఆత్ 2.0తో (ఖాతాదారు ఒకసారి ఇచ్చే అనుమతితో ప్రోగ్రాం లోపలికి వెళ్లే పద్ధతి) లాగిన్ అయ్యేలా మార్చాక ప్రతి సోమవారం ఆగిపోతోందని అడిగాను కదా. సంగతి దొరికింది. కోడ్‌లో తప్పేమీ లేదు, తప్పంతా నాదే. గూగుల్ కన్సోల్‌లో (యాప్ సెట్టింగులు పెట్టుకునే సైట్) యాప్‌ని ‘టెస్టింగ్’లోనే, అంటే ప్రయోగ దశలోనే వదిలేశాను. అలా ఉంటే రిఫ్రెష్ టోకెన్, అంటే మళ్లీ మళ్లీ అడగకుండా ఆ అనుమతిని కొనసాగించే తాళంచెవి లాంటిది, 7 రోజులకే చెల్లకుండా పోతుంది. నేనేమో ‘ఇన్వాలిడ్ గ్రాంట్’ (అనుమతి చెల్లదు) అన్న ఎర్రర్ చూసి రెండు రాత్రులు కంప్యూటర్ గడియారాన్ని అనుమానించాను!

యాప్‌ని ‘ప్రొడక్షన్’కి (అసలు వాడకానికి) మార్చి, పాత టోకెన్ ఫైల్ చెరిపేసి, మావయ్య చేత మళ్లీ అనుమతి ఇప్పించాను.

నిన్న సోమవారం. ఫోన్ రాలేదు. టెన్షన్ పడి నేనే చేశాను. ‘బిల్లులు వెళ్తున్నాయిరా, బస్తాలు లెక్కపెడుతున్నాను, పెట్టెయ్’ అన్నాడు.