పైఅంతస్తు గదుల్లో వేడి తగ్గాలంటే ముందు ఏం చేయించాలి?

ఖమ్మం_మేడ:
మాది ఖమ్మంలో జీ ప్లస్ వన్. కింద అమ్మానాన్న, పైన మేము. మా రెండు బెడ్‌రూముల మీద ఇంకేమీ లేదు, నేరుగా స్లాబే. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం కంటే రాత్రి ఎనిమిది, తొమ్మిదింటికే గది ఎక్కువ ఉడికిపోతుంది, ఫ్యాన్ వేస్తే పైనున్న వేడంతా మన మీదికి దిగుతుంది, పడమటి గోడ పడుకునేటప్పటికి కూడా వెచ్చగానే ఉంటుంది. పాపకు ఒళ్ళంతా చెమటకాయలు. ఏసీ ఉంది కానీ గది చల్లబడేసరికే చాలాసేపు పడుతోంది, బిల్లు చూస్తే టెన్షన్. ఒకరు థర్మాకోల్ పెట్టి ఫాల్స్ సీలింగ్ చేయించమంటారు, ఒకరు కూల్ పెయింట్ అంటారు, నాన్నగారు పందిరి వేయిద్దాం అంటున్నారు. అన్నీ చేయించే స్తోమత లేదు. ముందు ఏది?

సైట్_ఇంజనీర్:
ముందు పైన చేయించండి, కింద కాదు. మే నెల ఎండకు నల్లబడ్డ స్లాబ్ పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి కాంక్రీటులోంచి మెల్లగా దిగి నాలుగైదు గంటల తర్వాత మీ గదిలోకి వస్తుంది, రాత్రి ఉడకడానికి కారణం అదే. ఫాల్స్ సీలింగ్ వేస్తే ఆ వేడి గదిలోకి రావడం కాస్త తగ్గుతుంది, కానీ స్లాబ్ మాత్రం కాలుతూనే ఉంటుంది. పైగా థర్మాకోల్ పైకప్పుకు ఊరికే అంటించడం నిప్పుతో చెలగాటం, వైరింగ్‌లో ఒక్క స్పార్క్ వచ్చినా అంటుకుంటుంది, పాప ఉన్న గదిలో అసలు వద్దు.

తెలుపు వేయించండి. కూల్ రూఫ్ పెయింట్ కొనేటప్పుడు డబ్బా మీద ఎస్ఆర్ఐ విలువ (ఎండను తిప్పికొట్టి, వేడెక్కకుండా ఉండే గుణానికి కొలత) చూడండి, 78 పైన ఉండాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీలో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు కూల్ రూఫ్ తప్పనిసరి, చిన్న ఇళ్ళకు మన ఇష్టం. వేసే ముందు నాచు గీకించి, పగుళ్ళు పూడ్పించి, స్లాబ్ పూర్తిగా ఆరాకే రెండు కోట్లు. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, ఎండాకాలం ముందు ఒకసారి కడగాలి.

డబ్బు సమకూరాక స్లాబ్ మీద ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలక) ఆలోచించండి. రెండు అంగుళాల బోర్డు వేడిని ఆపడంలో ఐదంగుళాల స్లాబ్‌కు దాదాపు 20 రెట్లు. ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద బోర్డు, ఆ పైన వాటం చూసుకుని కాంక్రీటు, తెల్ల టైల్స్. ఈ వరుస తప్పితే నీళ్ళు కింద నిలిచి స్లాబ్ చెమ్మపడుతుంది. ఇది తెలిసిన మేస్త్రీకే ఇవ్వండి.

నంద్యాల_మిద్దె:
మీ నాన్నగారి మాట కొట్టిపారేయకండి. మా సీమలో పాత మిద్దెల మీద చౌడు మందంగా పరిచేవాళ్ళు, ఎండ దిగాలంటే ఆ మట్టి దాటాలి. పందిరి అంతకంటే నయం, ఎండ స్లాబ్‌ను తాకనే తాకదు. కాకపోతే తాటాకు ఎండిపోయాక నిప్పురవ్వ పడితే కష్టం, వీధిలో టపాసులు కాల్చినా భయమే. వెదురు బొంగులు పాతి షేడ్ నెట్ కట్టండి, మనిషి నిలబడేంత ఎత్తులో, కింద గాలి ఆడాలి. కొందరు నెట్ తెచ్చి స్లాబ్ మీదే పరుస్తారు, దానివల్ల పెద్దగా లాభం లేదు. పిట్టగోడకు గట్టిగా కట్టకపోతే మొదటి గాలివానకే పక్కింటి మీద పడుతుంది.

పడమటి_కిటికీ:
అందరూ స్లాబ్ గురించే చెబుతున్నారు, ఆ పడమటి గోడ సంగతేంటి? కిటికీకి లోపల కర్టెన్ ఎంత మందం వేసినా ఎండ అద్దం దాటి వచ్చేసినట్టే. బయట వెదురు తడిక కట్టండి, సజ్జ చిన్నదైతే పెంచుకోండి. పొద్దున తొమ్మిదింటికల్లా కిటికీలు మూసేసి, బయట చల్లబడ్డాక తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. సోలార్ పెట్టే ఉద్దేశం ఉంటే ఆ గదుల మీదే పెట్టించండి, ప్యానెల్ నీడ కూడా పనికొస్తుంది. ఇంటిపై సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది.

ఖమ్మం_మేడ:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఈ ఏడాదికి తెలుపు, నెట్, తడిక. పెయింట్ బదులు సున్నం వేయిస్తే సరిపోతుందా? సాయంత్రం స్లాబ్ మీద నీళ్ళు కొట్టొచ్చా?

సైట్_ఇంజనీర్:
సున్నం బాగానే పనిచేస్తుంది, వానలకు పోతుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. పట్టు కోసం ఫెవికాల్ లాంటి జిగురు కలుపుతారు. సున్నం నీళ్ళలో వేసినప్పుడు ఉడుకుతుంది, కళ్ళలో చిందితే ప్రమాదం, ఆ రోజు పాపను పైకి రానివ్వకండి. నీళ్ళు కొట్టొచ్చు కానీ పగుళ్ళు పూడ్చాకే, అదీ నీళ్ళకు ఇబ్బంది లేకపోతేనే.