పాయకాపురంలో ఫ్లాట్ చూశాం, బుడమేరు సంగతి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

నంద్యాల_అమ్మాయి:
నమస్తే అండీ. మావారికి బెజవాడ ట్రాన్స్‌ఫరై ఏడాది కావస్తోంది. అద్దెలు కట్టలేక పాయకాపురంలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఒకటి చూశాం. ఫస్ట్ ఫ్లోర్, కింద పార్కింగ్. రేటు మాకు అందేలాగే ఉంది, అదే అనుమానం.

మొన్న ఏప్రిల్లో వెళ్ళినప్పుడు బుడమేరు వంతెన దగ్గర బండి ఆపి చూశాం. ఏరంటే నాకు మా కుందూ గుర్తొస్తుంది. ఇక్కడేమో గుర్రపుడెక్క, దాని సందుల్లో నల్లటి నీళ్ళు, గట్టున నాలుగు మేకలు. 2024లో ఊరిని ముంచింది ఇదేనా అనిపించింది. బ్రోకర్ గారు "అది వందేళ్ళకోసారి వచ్చేదమ్మా, గండ్లు కూడా పూడ్చేశారు" అంటున్నారు. బిల్డింగ్‌కి మాత్రం కింది నుంచి నా భుజం దాకా ఒక రంగు, ఆపైన ఇంకో రంగు ఉంది. అడిగితే డిజైన్ అన్నారు. అక్కడ ఉంటున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

సింగ్‌నగర్_పాతకాపు:
ఆ డిజైన్ మా వీధిలో అందరి ఇళ్ళకీ ఉందమ్మా.

ముందు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలుసుకోండి. కొత్తగా వచ్చినవాళ్ళంతా కృష్ణ అనుకుంటారు. కాదు. మైలవరం వైపు కొండల్లో కురిసిన వాన బుడమేరై వెలగలేరు దగ్గరికి వస్తుంది. అక్కడ రెగ్యులేటర్ ఉంది. మామూలు రోజుల్లో గేట్లు దించి, నీళ్ళని డైవర్షన్ కాలవలోకి మళ్ళించి, ఇబ్రహీంపట్నం వైపు ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేస్తారు. అందుకే మన వైపు పాత పాయలో ఊరి మురుగు తప్ప ఏమీ కనపడదు. మీరు చూసింది దాన్నే. అదే ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కిందుగా దూరి కొల్లేరు చేరుతుంది.

చిక్కల్లా పైన వాన పడ్డప్పుడే కృష్ణ కూడా నిండితే. డైవర్షన్ కాలవ నీళ్ళు అందులోకి దిగవు, ఎగదన్నుతాయి. 2024లో వెలగలేరు గేట్లెత్తారు, డైవర్షన్ కాలవ కట్టకి మూడు గండ్లూ పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం మా ఇల్లు మునిగింది. మర్నాడు బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు. ఇంక మా నీళ్ళు ఎటు పోతాయి? ఆఖరి గండి పూడ్చడానికి ఆర్మీ కూడా వచ్చింది.

ఆ పొద్దున నీళ్ళు వీధిలోంచి రాలేదమ్మా, బాత్‌రూమ్ తూములోంచి గుడగుడమంటూ పైకొచ్చాయి. గోనెసంచీ కుక్కాం. పది నిమిషాల్లో గుమ్మం కూడా దాటేశాయి. గ్యాస్ బండ తేలింది. ఫ్రిజ్ వెల్లకిలా పడి చెరువులో గేదెలా హాలంతా తిరిగింది. కాగితాలు అటక మీదకి విసిరేసి డాబా ఎక్కాం. నాలుగు రోజులు అక్కడే. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. ఒకటి పక్కింటి కొబ్బరిమట్టల్లో ఇరుక్కుని, ఉన్నన్నాళ్ళూ మమ్మల్నే చూస్తూ కూర్చుంది. నీళ్ళు తీశాక ఫైరింజను వచ్చి ఇల్లు కడిగింది. కింద ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు ఇచ్చారు. ఇవ్వలేదనను. ప్లైవుడ్ బీరువా, మంచం, మోటారు అందులో రావు, అంతే.

మీది ఫస్ట్ ఫ్లోర్ కాబట్టి సామాన్లు తడవకపోవచ్చు. కానీ మోటారు, కరెంటు మీటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి. అవి మునిగితే పైనున్నా చీకటే.

కొలతలబాబు:
2005లో కూడా వచ్చింది. అంటే ఆ బ్రోకర్‌గారి లెక్కలో వందేళ్ళంటే పంతొమ్మిది. ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్ళిచ్చే ఆస్తి లావాదేవీల పత్రం) వరద రాయరు కాబట్టి దాన్ని నమ్ముకోకండి. గ్రామ నక్షా, అంటే ఊరి సర్వే మ్యాపు తీయించి, వాగు పోరంబోకు (వాగు కింద రాసున్న సర్కారు భూమి) మీ సర్వే నంబరుకి ఎంత దూరమో చూపించుకోండి.

వాంబేకాలనీ_వదిన:
అందరూ కలిసి ఆ అమ్మాయిని హడలగొడుతున్నారు. మా మరిది వరద తర్వాత పెనమలూరు వైపు అద్దెకి వెళ్ళి, ఆర్నెల్లకి తిరిగొచ్చేశాడు. ఇక్కడి అద్దెకి అక్కడ ఒక్క గది వస్తుంది మరి. మునిగిందని లక్షమంది ఎక్కడికి పోతారు? మా ఆయన వాన గట్టిపడితే బండి తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టొస్తాడు. మేడ మీద రెండు డబ్బాల బియ్యం, ఒక చిన్న స్టవ్వు ఎప్పుడూ ఉంటాయి. అలా అలవాటు పడిపోయాం. నచ్చితే కొనుక్కోమ్మా, గ్రౌండ్ ఫ్లోర్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

నంద్యాల_అమ్మాయి:
అందరికీ థాంక్స్ అండీ. నిన్న మళ్ళీ వెళ్ళాం, ఈసారి బ్రోకర్‌కి చెప్పకుండా. ఎదురుగా ఇస్త్రీ బండి అతన్ని అడిగితే మాట్లాడకుండా వచ్చి, కరెంటు స్తంభం మీద తన మెడకి సమంగా చెయ్యి పెట్టి చూపించాడు. మీటర్ల బోర్డు చూశాను పాతకాపు గారూ. పాత బోర్డు మేకుల తుప్పు మరకలు నా నడుం దగ్గర ఉన్నాయి. కొత్తది స్టూలు వేసుకుంటే గానీ అందదు. అది కాస్త నచ్చింది. నక్షాకి ఇంకా వెళ్ళాలి.

బ్రోకర్ గారికి ఫోన్ చేసి, ఊరికే చూద్దామని, రెండు లక్షలు తగ్గించమన్నాను. ఓనర్ని అడుగుతానని కూడా అనలేదు, అప్పటికప్పుడే సరే అన్నారు. రాత్రి నుంచి అదే గుబులు.