సిగ్నల్ హ్యాండ్లర్ నడిచేటప్పుడు ప్రాసెస్ ప్రయారిటీ పెంచాలా, వద్దా?

చెరువుగట్టు_కోడర్ (ఇందుకూరుపేట):
మామ వాళ్ల రొయ్యల చెరువు దగ్గర చిన్న లినక్స్ బోర్డు పెట్టాం. నీళ్లలో ఆక్సిజన్ రీడింగులు రాసే లాగర్ నైస్ 19లో (నైస్ అంకె పెరిగేకొద్దీ ప్రయారిటీ తగ్గుతుంది, 19 అన్నిటికన్నా కింద), కెమెరా వీడియోని కుదించే ప్రోగ్రామ్ మామూలు 0లో నడుస్తున్నాయి. కరెంటు పోగానే యూపీఎస్‌ని కనిపెట్టుకునే ప్రోగ్రామ్ లాగర్‌కి సిగ్‌టర్మ్ (ఆగిపొమ్మనే సిగ్నల్) పంపుతుంది. మెమొరీలో మిగిలినవి మెమొరీ కార్డులో రాసేసి లాగర్ ఆగిపోవాలి. యూపీఎస్ బ్యాటరీ పాతది, ఎంతోసేపు నిలవదు. ఆ సిగ్నల్ వస్తే నడిచే కోడ్ ఉందే, హ్యాండ్లర్, దాని మొదటి లైన్లోనే సెట్‌ప్రయారిటీ (ప్రయారిటీ మార్చే ఫంక్షన్) పిలిచి 0కి తెద్దామని నేను, వద్దని మా ఫ్రెండు. మీరేమంటారు?

ఒంగోలు_అడ్మిన్:
మీ ఫ్రెండే కరెక్టు తమ్ముడూ. సిగ్నల్ పంపితే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) చేసేది గుర్తు పెట్టి, నిద్రలో ఉంటే లేపడం వరకే. ఆ ప్రాసెస్‌కి సీపీయూ దొరికి, కెర్నల్ నుంచి తన సొంత కోడ్‌లోకి (యూజర్ మోడ్‌కి) తిరిగి వచ్చేటప్పుడే హ్యాండ్లర్ మొదలవుతుంది. అంటే అక్కడిదాకా 19తోనే రావాలి. సీపీయూ పంచడానికి కెర్నల్ వాడే వెయిట్ నైస్ 0కి 1024, 19కి 15. ఒకే కోర్ మీద రెండూ పోటీ పడితే లాగర్‌కి దక్కేది నూటికి ఒకటిన్నర వంతు. లోపలికొచ్చాక ప్రయారిటీ పెంచడమంటే, నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కేశాక కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు.

చెరువుగట్టు_కోడర్:
రావడం లేటయినా, వచ్చాక రాసే పనన్నా తొందరగా అవుతుంది కదన్నా?

ఒంగోలు_అడ్మిన్:
అవ్వాలంటే 19 నుంచి 0కి దిగనివ్వాలిగా. రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) కాకపోతే క్యాప్_సిస్_నైస్ అనే అనుమతి కావాలి, లేదా ఆర్‌లిమిట్_నైస్ అనే పరిమితి సడలించి ఉండాలి. ఇంకో చిక్కు: ప్రోగ్రామ్‌లో నాలుగు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు) ఉంటే, సిగ్నల్‌ని బ్లాక్ చేయని ఏ థ్రెడ్ మీదైనా హ్యాండ్లర్ నడవొచ్చు. లినక్స్‌లో సెట్‌ప్రయారిటీకి ప్రాసెస్ నంబరుగా సున్నా ఇస్తే పిలిచిన థ్రెడ్ ఒక్కదానికే వర్తిస్తుంది. పైగా హ్యాండ్లర్లో నిశ్చింతగా పిలవొచ్చని పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) ఇచ్చే జాబితాలో ఆ ఫంక్షనే లేదు.

కావలి_మాస్టారు:
అందుకే ఈ పని కెర్నల్ చేయాలంటాను. 4.4 బీఎస్‌డీ అనే పాత యూనిక్స్ చూడండి. చంపే సిగ్నల్ వచ్చిన ప్రాసెస్ ప్రయారిటీ మామూలు కన్నా దిగువన (నైస్ 0 కన్నా పైన) ఉంటే, కెర్నలే దాన్ని మామూలుకి తెచ్చేది. పెద్దవాళ్లు ఊరికే పెట్టలేదు.

ఒంగోలు_అడ్మిన్:
మాస్టారూ, ఆ షరతు పూర్తిగా చదవండి. సిగ్నల్‌ని డిఫాల్ట్‌గా, అంటే సొంత హ్యాండ్లర్ పెట్టకుండా వదిలేస్తేనే ఆ ఏర్పాటు. హ్యాండ్లర్ పెట్టుకున్న ప్రాసెస్ జోలికి రాదు. అది త్వరగా పోవడానికి సాయం, రాసుకోవడానికి కాదు.

చీమకుర్తి_చిప్:
లినక్స్‌లోనూ ఇలాంటిది ఒకటి చేసి చూశారు. మెమొరీ చాలక చంపాల్సిన ప్రాసెస్ త్వరగా పోవాలని 2010లో దానికి రియల్‌టైమ్ ప్రయారిటీ (మామూలు ప్రాసెస్‌లన్నిటికన్నా ముందు నడిచేది) ఇచ్చారు, 2011లో తీసేశారు. సీపీయూని గుంపులవారీగా పంచే సీగ్రూప్‌లో రియల్‌టైమ్ వాటా డిఫాల్ట్‌గా సున్నా, అలాంటి గుంపులో ఉన్నది రియల్‌టైమ్ అయితే అసలు నడవక, చావకుండా ఉండిపోయే ప్రమాదం ఉంది మరి.

కావలి_మాస్టారు:
అది రియల్‌టైమ్ గొడవ. నేనడిగింది మామూలు 0 మాత్రమే.

సింగరాయకొండ_శారద:
ఇద్దరూ కెర్నల్లోకి వెళ్లిపోయారు, అబ్బాయి చెరువు దగ్గరే ఉన్నాడు! పంపే ప్రోగ్రామ్ రూట్‌గా నడుస్తుంటే, కిల్‌కి (సిగ్నల్ పంపడానికి) ముందు అదే లాగర్‌ని రీనైస్ చేయొచ్చు, అంటే బయటినుంచే నైస్ మార్చొచ్చు. ఇంకా మేలైన దారి, అన్ని థ్రెడ్లలోనూ సిగ్‌టర్మ్ బ్లాక్ చేసి, సిగ్‌వెయిట్‌లో (సిగ్నల్ కోసం ఎదురుచూసే ఫంక్షన్‌లో) కూర్చునే థ్రెడ్ ఒకటి పెట్టి, దానికి ముందే మంచి ప్రయారిటీ ఇవ్వడం. అప్పుడు రాసే పని మామూలు కోడ్‌లోనే జరుగుతుంది, హ్యాండ్లర్ ఆంక్షలేవీ ఉండవు. అయినా నిమిషానికోసారి నాలుగు అంకెలు రాసే లాగర్‌ని 19లో ఎందుకు పెట్టావు నాయనా? సీపీయూ తినేది వీడియో కదా, దాన్ని పంపు 19కి.

చెరువుగట్టు_కోడర్:
కెమెరా ఆగి ఆగి వస్తే మామ ఊరుకోడక్కా. రొయ్యల దొంగల భయం ఆయనకి.

చీమకుర్తి_చిప్:
కార్డు సంగతి ఎవరూ అనలేదే. రాసింది కార్డుకి చేరేదాకా ఆపే ఎఫ్‌సింక్ ఫంక్షన్ పిలిచాక ప్రాసెస్ కార్డు కోసమే ఆగి ఉంటుంది. అప్పుడు నైస్ ఎంతున్నా ఒరిగేదేం లేదు. రీడింగులు మెమొరీలో పోగెయ్యడం మానేసి, వచ్చినవి వచ్చినట్టు రాసెయ్.

కావలి_మాస్టారు:
రాసేకొద్దీ కార్డు అరుగుతుంది. దానికేం చెబుతావు?