ఈఎక్స్‌టీ4లో ఫైళ్లు ఖాళీ అయిన గొడవ: తప్పు థియోడర్ త్సోదా, అప్లికేషన్లదా?

కెర్నల్_కాపరి:
పాత గొడవే, కానీ తేలలేదు. ఈఎక్స్‌టీ4 అంటే లినక్స్‌లో డిస్క్ మీద ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్. 2009 మొదట్లో, ఉబుంటు అనే లినక్స్ రకం 9.04 వెర్షన్ ఇంకా టెస్టింగ్‌లో ఉండగా, ఒక యూజర్ సిస్టమ్ క్రాష్ అయింది. మళ్లీ ఆన్ చేస్తే కేడీఈ (లినక్స్ డెస్క్‌టాప్) సెట్టింగ్స్ ఫైళ్లు సున్నా బైట్లు! ఈఎక్స్‌టీ4ను స్టేబుల్ అన్నది అంతకు కొన్ని వారాల ముందే, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ 2.6.28లో. దాన్ని చూసుకునే త్సో గారేమో తప్పు ప్రోగ్రాములదే అన్నారు. ఎఫ్‌సింక్ (డేటాను ఇప్పుడే డిస్క్‌కు రాయమనే ఆదేశం) పిలవకుండా డేటా డిస్క్ చేరుతుందని యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ హామీ ఇవ్వదట. దీని ముందు తరమైన ఈఎక్స్‌టీ3 మీద అవే ప్రోగ్రాములు ఏళ్ల తరబడి నడిచాయి కదండీ?

డిస్క్_మేస్త్రి:
నడిచాయి, అదృష్టం కొద్దీ. ఈఎక్స్‌టీ3 ఐదేసి సెకన్లకు జర్నల్ (ఫైల్‌సిస్టమ్‌లో మార్పుల చిట్టా) రాస్తుంది, దానికి ముందే డేటాను డిస్క్‌కు తోసేస్తుంది. ఈఎక్స్‌టీ4 అలా కాదు. రాసిన డేటాను మెమరీలోనే ఉంచి, బ్లాకులు, అంటే డిస్క్‌లో చోటు, తర్వాత కేటాయిస్తుంది. స్పీడ్ అందుకే. ఇప్పుడు ప్రోగ్రామ్ కొత్త ఫైల్ రాసి, పాతదాని పేరు మీదికి రీనేమ్ చేసిందనుకోండి. పేరు మారిన సంగతి జర్నల్‌కెక్కింది, డేటాకు ఇంకా చోటే దొరకలేదు. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే? పాతదీ లేదు, కొత్తదీ లేదు.

యాప్_కూలీ:
ఎఫ్‌సింక్ పిలవండి అనడం తేలికే బాస్. ఫైర్‌ఫాక్స్ 3 పిలిచింది. ఈఎక్స్‌టీ3లో దాంతో పక్క ప్రోగ్రాముల డేటా కూడా కలిపి రాయాల్సొచ్చి, బ్రౌజర్ బిగుసుకుపోయేది. 2008లో అందుకు తిట్లు, 2009లో పిలవనందుకు తిట్లు. మేమెవరి మాట వినాలి?

డిస్క్_మేస్త్రి:
ఆ ఇబ్బంది నిజమే. అయితే త్సో రూల్ చెప్పి చేతులు దులుపుకోలేదు. పాత ఫైల్ మీదికి రీనేమ్ చేసినా, ఉన్నదాన్ని సున్నాకు కుదించి తిరగరాసి మూసినా, బ్లాకులు వెంటనే కేటాయించేలా ప్యాచ్‌లు రాశారు. కెర్నల్ 2.6.30లో కలిశాయి. అవతలివాళ్ల కోడ్ తప్పని నమ్ముతూనే వాళ్ల యూజర్ల ఫైళ్లు కాపాడటం చిన్న విషయమా? నాకైతే ఆయన ఈఎక్స్‌టీ4కు చేసిన పనుల్లో ఇదే పెద్దది.

కెర్నల్_కాపరి:
ప్యాచ్ మంచిదే, కాదనను. స్టేబుల్ అనే ముందే పెట్టాల్సింది, నా గొడవంతా అదే.

యాప్_కూలీ:
అయినా అది కాచేది ఆ రెండు పద్ధతులనే. కొత్తగా సృష్టించిన ఫైల్‌కు ఇప్పటికీ ఎఫ్‌సింకే గతి. మా టీమ్‌లో సగం మందికి ఆ సంగతే తెలీదు.